జేఎస్పీ పేజీలను ముందే కంపైల్ చేసి డిప్లాయ్ చేయడం: టామ్‌క్యాట్ వాడేవాళ్లకు అడుగడుగునా

"అన్నా, వార్ ఫైల్‌లో క్లాసులన్నీ ఉన్నాయి. అయినా టామ్‌క్యాట్ మళ్లీ మొదటి నుంచి కంపైల్ చేస్తోంది. ఎందుకు?"

హన్మకొండలో మా ఆఫీసు కింద చాయ్ తాగేటప్పుడు జూనియర్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. వార్ అంటే యాప్ మొత్తాన్ని కట్టిన ఫైల్, క్లాసులంటే కంపైల్ అయిన జావా ఫైళ్లు, టామ్‌క్యాట్ వాటిని నడిపే సర్వర్. వాళ్లు క్లాసులు తయారు చేశారు కానీ, వాటి దగ్గరికి సర్వర్‌కు దారి చూపించలేదు. ఆ దారి ఎలా వేయాలో, దానికి ముందూ వెనకా ఏం చేయాలో వరుసగా రాస్తున్నాను.

జేఎస్పీ అంటే మధ్య మధ్యలో జావా కలిపి రాసిన వెబ్ పేజీ. అది ఉన్నది ఉన్నట్టు నడవదు. టామ్‌క్యాట్‌లోని జాస్పర్ అనే ఇంజిన్ దాన్ని చదివి సర్వ్‌లెట్‌గా, అంటే మామూలు జావా ఫైల్‌గా మారుస్తుంది. తర్వాత దాన్ని కంపైల్ చేసి, లోడ్ చేసి, అప్పుడు నడుపుతుంది. కొత్త వార్ పెట్టాక ఆ పేజీని ఎవరు మొదట తెరిస్తే, ఈ పనంతా వాళ్ల నెత్తిన పడుతుంది.

ఆలస్యం సంగతి అలా ఉంచండి. ఎనుమాముల మార్కెట్ యార్డులో ఒక అడ్తి (కమీషన్) దుకాణానికి మేం తక్‌పట్టీల, అంటే రైతుకు ఇచ్చే అమ్మకం చీటీల యాప్ చేసిచ్చాం. మిర్చి సీజన్‌లో ఒక రాత్రి కొత్త వార్ పెట్టి, లాగిన్ పేజీ, లాట్ల పేజీ తెరిచి చూసుకుని ఇంటికి పోయాం. పొద్దున జెండా పాట (వేలం) అయింది, కాంటాలు (తూకాలు) మొదలయ్యాయి, గుమస్తా తక్‌పట్టీ పేజీ నొక్కితే 500 ఎర్రర్. ఆ పేజీలో వాడిన ట్యాగ్ లైబ్రరీ జార్ (రెడీమేడ్ ట్యాగుల కోడ్ ఉన్న ఫైల్) వార్‌లోకి రాలేదు. తప్పు పూర్తిగా మాదే, రాత్రి ఆ పేజీని మేం తెరవనేలేదు. అక్కడ రైతు ఎదురుచూస్తూ నిలబడితే గుమస్తా చేత్తో రాసిచ్చాడట. ఇక్కడ మేం ఫోన్ల మీద ఆగమాగం.

ముందే కంపైల్ చేసి ఉంటే జార్ లేదన్న సంగతి మా టేబుల్ మీదే బయటపడేది. నా లెక్కలో ఈ పనికి అసలు లాభం అదే. వేగం కొసరు.

ఇంకో మాట. ఆప్షన్ల పేర్లు, ఫైళ్ల పేర్లు ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాశాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లో, చిన్నా పెద్దా అక్షరాల తేడా చూసుకుని కొట్టండి.

1. మూడు దారుల్లో మీది ఏది?

మొదటి దారి: డిప్లాయ్ అయ్యాక ప్రతి పేజీ అడ్రస్ చివర జేఎస్పీ_ప్రీకంపైల్ అనే పారామీటర్ తగిలించి పిలవడం. ఇది జేఎస్పీ స్పెసిఫికేషన్‌లోనే ఉంది. ఆ పారామీటర్ విలువ లేకుండా వచ్చినా, ట్రూ అని వచ్చినా సర్వర్ పేజీని కంపైల్ చేసి ఊరుకోవాలి, నడపకూడదు. బిల్డ్‌ను, అంటే వార్ తయారు చేసే పనిని ముట్టుకోకుండా పని అయిపోతుంది.

కానీ ఇందులో రెండు గండాలున్నాయి. వెబ్-ఇన్ఫ్ ఫోల్డర్ లోపలి పేజీలు బయటి నుంచి తెరుచుకోవు, 404 వస్తుంది. స్ప్రింగ్ వాడేవాళ్ల పేజీలు ఎక్కువగా అక్కడే ఉంటాయి. రెండోది లాగిన్ ఫిల్టర్. రిక్వెస్టు లాగిన్ పేజీకి మళ్లిపోతుంది, అసలు పేజీ దాకా పోదు. మీ స్క్రిప్టు 302 చూసి "అయిపోయింది" అని రాసుకుంటుంది. పైగా ఎర్రర్ ఉంటే అది సర్వర్ మీద పెట్టాకే తెలుస్తుంది, అప్పటికే ఆలస్యం.

రెండో దారి: యాప్ సెట్టింగ్‌లుండే వెబ్.ఎక్స్ఎంఎల్‌లో పేజీని సర్వ్‌లెట్‌గా రాసి, జేఎస్పీ-ఫైల్ ట్యాగ్‌లో దాని పేరు, కింద లోడ్-ఆన్-స్టార్టప్ పెట్టడం. సర్వర్ లేచేటప్పుడే ఆ పేజీ తయారవుతుంది. నాలుగైదు బరువైన పేజీలే ఉంటే ఇది చాలు.

మూడో దారి: బిల్డ్‌లోనే జాస్పర్ వారి జేఎస్పీసీ అనే కంపైలర్‌ను నడిపి, తయారైన క్లాసులను వార్‌లో పెట్టి పంపడం. పేజీలు పాతిక దాటినా, డిప్లాయ్ చేసేది మీరు కాకుండా ఇంకొకరైనా ఇదే చేయండి. ఇక నుంచి రాసేదంతా దీని గురించే.

వెబ్‌లాజిక్, వెబ్‌స్పియర్ సర్వర్లకు వాటి సొంత కంపైలర్లు ఉన్నాయి. టామ్‌క్యాట్‌తో తయారు చేసిన క్లాసులను అక్కడికి మోయకండి.

2. వెర్షన్లు కలపండి

ఇక్కడ తొందరపడితే తర్వాత రెండు రోజులు పోతాయి.

జేఎస్పీసీ తయారు చేసే ప్రతి సర్వ్‌లెట్ జాస్పర్‌లోని హెచ్‌టీటీపీజేఎస్పీబేస్ అనే క్లాసు మీద ఆధారపడుతుంది. అంటే మీ పేజీల క్లాసులు జాస్పర్‌తో ముడిపడి ఉన్నాయి. ఒక టామ్‌క్యాట్‌తో కంపైల్ చేసి ఇంకో టామ్‌క్యాట్ మీద నడిపితే, మామూలు రోజుల్లో బాగానే నడిచి, ఒకరోజు ఫలానా మెథడ్ లేదని పడిపోవచ్చు.

అందుకే సర్వర్ మీద ఏ టామ్‌క్యాట్ ఉందో అదే బిల్డ్ మెషీన్‌లో పెట్టుకోండి. చివరి అంకె కూడా కలవాలన్నది నా పట్టుదల. సర్వర్ మీద బిన్ ఫోల్డర్‌లోని వెర్షన్ స్క్రిప్టు నడిపితే టామ్‌క్యాట్ వెర్షన్, జావా వెర్షన్ రెండూ కనిపిస్తాయి. ఫోన్‌లో "తొమ్మిదే అనుకుంటా సార్" అనే జవాబు తీసుకోకండి. ఆ స్క్రిప్టు చూపించింది ఫొటో తీసి పంపమనండి.

తొమ్మిదికీ పదికీ మధ్య పెద్ద గోడ ఉంది. టామ్‌క్యాట్ 9 దాకా సర్వ్‌లెట్ ప్యాకేజీల పేర్లు జావాఎక్స్‌తో మొదలవుతాయి. 10 నుంచి జకార్తాతో మొదలవుతాయి. 9తో కంపైల్ చేసిన పేజీల క్లాసు 10 మీద లోడ్ కానే కాదు.

జావా సంగతీ చూసుకోవాలి. టామ్‌క్యాట్ 9కి కనీసం జావా 8, 10.1కి 11, 11కి 17 కావాలి. మీ ల్యాప్‌టాప్‌లో జావా 21 ఉండి సర్వర్ మీద 11 ఉంటే, మీ క్లాసులు అక్కడ లేవవు. ఎర్రర్‌లో కనిపించే అంకెలను ఇలా చదవండి: 52 అంటే జావా 8, 55 అంటే 11, 61 అంటే 17, 65 అంటే 21. కంపైలర్‌కు రిలీజ్ ఆప్షన్‌లో సర్వర్ మీది అంకె ఇస్తే ఈ లొల్లి ఉండదు.

కంపైల్ మొదలుపెట్టే ముందు:

- సర్వర్ టామ్‌క్యాట్ వెర్షన్ రాసి పెట్టుకున్నారా?
- సర్వర్ జావా వెర్షన్ రాసి పెట్టుకున్నారా?
- అదే టామ్‌క్యాట్ బిల్డ్ మెషీన్‌లో ఉందా?
- జాస్పర్ జార్, సర్వ్‌లెట్ ఏపీఐ జార్ పొరపాటున వార్‌లోని లిబ్ ఫోల్డర్‌లోకి చేరాయా? చేరితే తీసేయండి. అవి సర్వర్ దగ్గర ఉన్నాయి, రెండోసారి పెడితే కొట్టుకుంటాయి.

3. పేజీలను కడిగి పెట్టుకోండి

బ్రౌజర్‌లో తెరిచిన పేజీనే టామ్‌క్యాట్ కంపైల్ చేస్తుంది. జేఎస్పీసీ అలా కాదు, ఫోల్డర్‌లో కనిపించిన ప్రతి జేఎస్పీనీ పట్టుకుంటుంది. ఏళ్లుగా ఎవరూ తెరవని పేజీలు, "తక్‌పట్టీ_పాతది", "కాపీ 2" లాంటివన్నీ అప్పుడు లేచి కూర్చుంటాయి. మొదటిసారి నడిపినప్పుడు వచ్చే ఎర్రర్లలో చాలామటుకు ఈ చెత్తవే. భయపడకుండా తీసేయండి, గిట్‌లో ఎలాగూ ఉంటాయి.

తర్వాత ముక్కలు. హెడర్, ఫుటర్, మెనూ లాంటివి ఇంకో పేజీలోకి ఇన్‌క్లూడ్ డైరెక్టివ్‌తో (కంపైల్ సమయంలోనే కలిపేసే ఆదేశంతో) కలిసేవైతే వాటి పేరు చివర జేఎస్పీ కాకుండా జేఎస్పీఎఫ్ అని ఉండాలి. ఎందుకంటే అలాంటి ముక్క తల్లి పేజీలో ప్రకటించిన వేరియబుల్‌ను వాడుకుంటుంది. దాన్ని ఒంటరిగా కంపైల్ చేస్తే ఆ వేరియబుల్ ఎవరిదో తెలియక కంపైలర్ ఆగిపోతుంది. పేరు మార్చాక దాన్ని పిలిచిన చోటల్లా మార్చడం మరిచిపోకండి. జేఎస్పీ:ఇన్‌క్లూడ్ ట్యాగ్‌తో నడిచే సమయంలో కలిసే పేజీలను మాత్రం జేఎస్పీగానే ఉంచాలి, వాటిని మార్చొద్దు.

ఇక తెలుగు. మన యాప్‌లలో "బస్తాలు", "తరుగు", "హమాలీ" అని లేబుళ్లుంటాయి. పేజీ ఎన్‌కోడింగ్ ఎక్కడా చెప్పకపోతే జేఎస్పీ దాన్ని ఐఎస్ఓ 8859-1 అనుకుంటుంది. తెలుగు అక్షరాలన్నీ పిచ్చి గుర్తులై ఆ రూపంలోనే క్లాసులో గడ్డకట్టిపోతాయి. మళ్లీ కంపైల్ చేస్తే తప్ప పోవు. పేజీ పైన పేజ్‌ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని రాస్తే సరిపోతుందనుకుంటారు గానీ, డైరెక్టివ్‌తో కలిసే ముక్కకు దాని ఎన్‌కోడింగ్ దానికే విడిగా చెప్పాలి. తల్లి పేజీది ముక్కకు రాదు. పేజీలన్నీ బాగుండి మెనూ ఒక్కటే పాడైందంటే కారణం ఇదే.

ఒక్కో పేజీ తిరగడం కన్నా వెబ్.ఎక్స్ఎంఎల్‌లో జేఎస్పీ-ప్రాపర్టీ-గ్రూప్ పెట్టి, జేఎస్పీకి పేజ్-ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని రాయండి. జేఎస్పీసీ ఆ వెబ్.ఎక్స్ఎంఎల్‌ను చదువుతుంది, పేజీల పని ఒకే చోట అయిపోతుంది. జేఎస్పీఎఫ్‌ను మాత్రం ఆ గ్రూప్‌లో కలపొద్దు, కలిపితే జేఎస్పీసీ ముక్కను కూడా పేజీ అనుకుని ఒంటరిగా కంపైల్ చేయబోతుంది. ముక్కల పైన పేజ్‌ఎన్‌కోడింగ్ విడిగా రాయండి.

ఫైల్ పేర్లలో పెద్ద అక్షరం, చిన్న అక్షరం కూడా చూడండి. విండోస్‌లో కంపైల్ చేసేటప్పుడు తేడా తెలియదు, లినక్స్ సర్వర్ మీద తెలుస్తుంది. డైరెక్టివ్‌తో కలిసిన ముక్క అప్పటికే క్లాసులో ఉంటుంది కాబట్టి బయటపడదు. జేఎస్పీ:ఇన్‌క్లూడ్‌తో పిలిచేది మాత్రం సర్వర్ మీద దొరకదు. విండోస్‌లో కంపైల్ చేసి లినక్స్ మీద పెట్టేవాళ్లకు ప్రీకంపైల్ కూడా పట్టుకోలేని తప్పు ఇది, కళ్లతోనే చూసుకోవాలి.

4. యాంట్ స్క్రిప్టుతో కంపైల్ చేయండి

జేఎస్పీసీని కమాండ్ లైన్‌లో నేరుగా నడపొచ్చు. కానీ ఆ క్లాసు యాంట్ అనే బిల్డ్ టూల్ వారి టాస్క్ క్లాసు మీద కట్టినది. యాంట్ జార్ క్లాస్‌పాత్‌లో (జావా క్లాసుల కోసం వెతికే చోట్ల జాబితాలో) లేకపోతే మొదటి అడుగులోనే పడిపోతుంది. ఎలాగూ యాంట్ కావాలి కాబట్టి పని యాంట్‌తోనే చేయడం సుఖం. మేవెన్ అనే ఇంకో బిల్డ్ టూల్ వాడేవాళ్లూ ఇది చదవండి, 6లో దీన్నే మేవెన్‌లోకి తీసుకెళ్తాం.

వరుస తప్పకుండా ఇలా చేయండి.

(అ) యాప్ మొత్తాన్ని ఒక పని ఫోల్డర్‌లోకి కాపీ చేయండి. అసలు సోర్స్ మీద నడపొద్దు, జేఎస్పీసీ వెబ్.ఎక్స్ఎంఎల్‌ను మారుస్తుంది.

(ఆ) మీ మామూలు జావా కోడ్‌ను ముందు కంపైల్ చేసి ఆ కాపీలోని వెబ్-ఇన్ఫ్ క్లాసెస్‌లో పెట్టండి. వాడే జార్లన్నీ లిబ్‌లో ఉండాలి. పేజీల్లో వాడిన బీన్లు, ట్యాగ్ క్లాసులు జేఎస్పీసీకి అక్కడే కనిపించాలి.

(ఇ) పాత అవుట్‌పుట్ తీసేయండి: పోయినసారి తయారైన జావా ఫైళ్లు, క్లాసెస్ కింద ఆర్గ్.అపాచీ.జేఎస్పీ ఫోల్డర్ మొత్తం. ముక్క మారి తల్లి పేజీ మారనప్పుడు, "ఈ పేజీ పాతదే కదా" అని దాన్ని మళ్లీ తయారు చేయకుండా వదిలేసే ప్రమాదం ఉంది. ప్రతిసారీ శుభ్రంగా మొదలుపెడితే ఆ అనుమానమే ఉండదు.

(ఈ) యాంట్ ఫైల్ పైన టామ్‌క్యాట్ బిన్ ఫోల్డర్‌లో ఉండే కాటలీనా-టాస్క్స్.ఎక్స్ఎంఎల్‌ను ఇంపోర్ట్ చేయండి. దాంతో జాస్పర్ అనే టాస్క్ వస్తుంది. దానికి మూడు విలువలివ్వాలి: యూఆర్ఐరూట్ అంటే యాప్ కాపీ ఉన్న ఫోల్డర్, అవుట్‌పుట్‌డిర్ అంటే జావా ఫైళ్లు పడే చోటు, వెబ్ఎక్స్ఎంఎల్ఇన్‌క్లూడ్ అంటే మ్యాపింగ్‌లు రాసే ఫైల్.

(ఉ) తయారైన జావా ఫైళ్లను యాంట్ జావాసీ టాస్క్‌తో కంపైల్ చేసి వెబ్-ఇన్ఫ్ క్లాసెస్‌లో వేయండి. క్లాస్‌పాత్‌లో టామ్‌క్యాట్ లిబ్ జార్లు, బిన్ జార్లు, యాప్ క్లాసులు, యాప్ జార్లు నాలుగూ ఉండాలి. ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని తప్పనిసరిగా ఇవ్వండి. జావా 18 నుంచి అదే డిఫాల్ట్ అయింది గానీ అంతకుముందు విండోస్‌లో కాదు. పేజీ ఎన్‌కోడింగ్ సరిగ్గా పెట్టినా ఇక్కడ తెలుగు రెండోసారి పాడయ్యేది.

ఇప్పుడు ఒక హెచ్చరిక. టామ్‌క్యాట్ డాక్యుమెంటేషన్‌లో ఒక నమూనా స్క్రిప్టు ఉంది, అందరూ దాన్నే కాపీ కొడతారు, నేనూ కొట్టాను. అందులో జావాసీ టాస్క్‌కు ఫెయిల్‌ఆన్‌ఎర్రర్ విలువ ఫాల్స్ అని ఉంటుంది. అంటే పేజీలో తప్పున్నా బిల్డ్ చివర "సక్సెస్‌ఫుల్" అనే వస్తుంది. తప్పులు ముందే తెలియాలనే కదా ఈ పాట్లన్నీ? దాన్ని ట్రూ చేయండి. ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుంటుందంటే ఇది గుర్తుపెట్టుకోండి.

మొదటిసారి నడిపాక అవుట్‌పుట్ ఫోల్డర్ తెరిచి చూడండి. ఇండెక్స్ పేజీ ఇండెక్స్_జేఎస్పీ అనే క్లాసై ఉంటుంది. మార్కెట్ అనే ఫోల్డర్‌లోని పేజీ ఆర్గ్.అపాచీ.జేఎస్పీ.మార్కెట్ ప్యాకేజీలోకి పోతుంది. వెబ్-ఇన్ఫ్ లోపలి పేజీల ప్యాకేజీ పేరులో హైఫన్ బదులు అండర్‌స్కోర్, సున్నా, సున్నా, 2, డి అని వింతగా కనిపిస్తుంది. అది తప్పు కాదు, జావా పేరులో హైఫన్ పనికిరాదు కాబట్టి దాని కోడ్ రాసుకుంటుంది.

5. మ్యాపింగ్ లేకపోతే చేసిందంతా వృథా

మొదట్లో చెప్పిన ప్రశ్నకు జవాబు ఇదిగో.

టామ్‌క్యాట్‌లో చివర జేఎస్పీ ఉన్న ప్రతి అడ్రస్ జాస్పర్ సర్వ్‌లెట్‌కు పోతుంది. అది మీ క్లాసెస్ ఫోల్డర్ వైపు చూడదు, తన వర్క్ ఫోల్డర్‌లో క్లాసు ఉందా లేదా అనే చూస్తుంది. లేకపోతే మళ్లీ కంపైల్ మొదలుపెడుతుంది. మీ క్లాసులు పక్కనే పడి ఉంటాయి, ఎవరూ పిలవరు.

అందుకే ఒక్కో పేజీకి వెబ్.ఎక్స్ఎంఎల్‌లో "ఈ అడ్రస్ వస్తే ఈ క్లాసుకు పో" అని రాయాలి. ఆ వరుసలన్నీ జేఎస్పీసీ తయారు చేసిన ఇన్‌క్లూడ్ ఫైల్‌లో ఉంటాయి. వాటిని వెబ్.ఎక్స్ఎంఎల్‌లో కలపడానికి రెండు పద్ధతులు.

పాత పద్ధతిలో ఎక్స్ఎంఎల్ ఎంటిటీగా బయటి ఫైల్‌ను లాగుతారు. ఇప్పటి టామ్‌క్యాట్‌లు భద్రత కోసం బయటి ఎంటిటీలను డిఫాల్ట్‌గా ఆపేస్తాయి. కాంటెక్స్ట్‌లో ఎక్స్ఎంఎల్‌బ్లాక్‌ఎక్స్‌టర్నల్ ఫాల్స్ చేస్తే నడుస్తుంది. కానీ దీనికోసం ఒక తలుపు తీసి పెట్టడం నాకిష్టం లేదు.

నేను వాడేది రెండోది. జాస్పర్ టాస్క్‌లోనే యాడ్‌వెబ్ఎక్స్ఎంఎల్‌మ్యాపింగ్స్ ట్రూ అని ఇస్తే, అది కాపీలోని వెబ్.ఎక్స్ఎంఎల్‌లోకి తానే వరుసలు చొప్పిస్తుంది. ముందూ వెనకా జేఎస్పీసీ మ్యాపింగ్‌లు మొదలు, ముగింపు అని కామెంట్లు కూడా పెడుతుంది. మీ యాప్‌కు వెబ్.ఎక్స్ఎంఎల్ లేకపోతే, అన్నీ యానొటేషన్లతోనే నడుపుతుంటే, వెబ్-యాప్ ట్యాగ్ ఒక్కటే ఉన్న ఖాళీ ఫైల్ ఒకటి పెట్టుకోండి.

కలిపాక లెక్క చూడండి:

- జేఎస్పీ పేజీలు ఎన్ని? (ముక్కలు లెక్కలోకి రావు)
- సర్వ్‌లెట్-మ్యాపింగ్‌లు కొత్తగా ఎన్ని చేరాయి?
- క్లాసెస్ కింద _జేఎస్పీతో ముగిసే క్లాసులు ఎన్ని? (లోపలి క్లాసుల వల్ల కొన్ని ఎక్కువ ఉండొచ్చు, తక్కువ ఉండకూడదు)

వెబ్-ఇన్ఫ్ లోపలి పేజీలకూ మ్యాపింగ్ పడుతుంది, అది ప్రమాదం కాదు. బయటి నుంచి అవి అప్పుడూ తెరుచుకోవు. కంట్రోలర్ లోపలి నుంచి ఫార్వర్డ్ చేసినప్పుడు మాత్రం ఈ మ్యాపింగే పని చేస్తుంది.

6. వార్ కట్టడం, మేవెన్‌తో కలపడం

యాంట్ వాడేవాళ్లు పని ఫోల్డర్‌ను అలాగే వార్‌గా కట్టేయండి.

మేవెన్‌లో తిప్పలన్నీ వరుస దగ్గరే. ముందు వార్ ప్లగిన్ ఎక్స్‌ప్లోడెడ్ గోల్‌తో యాప్ కాపీ తయారు చేయించండి. తర్వాత యాంట్‌రన్ ప్లగిన్‌తో పై స్క్రిప్టు నడపండి. రెండింటినీ ప్రిపేర్-ప్యాకేజ్ దశలో, పామ్ ఫైల్‌లో ఇదే వరుసలో పెట్టండి. పేజీల క్లాసులు టార్గెట్‌లోని క్లాసెస్‌లో పడాలి.

తర్వాత ప్యాకేజ్ దశలో వార్ ప్లగిన్ మళ్లీ వచ్చి, సోర్స్‌లోని పాత వెబ్.ఎక్స్ఎంఎల్‌ను మీ కొత్తదాని మీద తెచ్చి వేస్తుంది. మ్యాపింగ్‌లన్నీ పోతాయి, బిల్డ్ మాత్రం పచ్చగా కనిపిస్తుంది. దీన్ని తప్పించుకోవాలంటే, కలిపిన వెబ్.ఎక్స్ఎంఎల్‌ను టార్గెట్‌లో వేరే చోట కాపీ చేసి, వార్ ప్లగిన్ వెబ్ఎక్స్ఎంఎల్ సెట్టింగ్‌లో ఆ చోటు చూపించండి. నన్ను అడిగేవాళ్లలో సగం మంది ఇక్కడే ఇరుక్కుంటారు.

జెట్టీ సర్వర్ మీద నడిపేవాళ్లకు జెట్టీ జేఎస్పీసీ ప్లగిన్ ఉంది, కలిపిన వెబ్.ఎక్స్ఎంఎల్‌ను అదే టార్గెట్‌లో రాస్తుంది. టామ్‌క్యాట్ మీద పెట్టే వార్‌కు దాన్ని వాడకండి. కారణం 2లో చెప్పాను.

అసలు జేఎస్పీ ఫైళ్లను వార్‌లోంచి తీసేయవచ్చా అని అడుగుతారు. మ్యాపింగ్ ఉంటే వాటి అవసరం ఉండదు, కొందరు తీసేస్తారు కూడా. నేను ఉంచేస్తాను. వెల్‌కమ్ ఫైల్ దగ్గర అనుమానాలుండవు, ఏదైనా పేజీ మ్యాపింగ్ జారిపోయినా టామ్‌క్యాట్ మామూలుగా కంపైల్ చేసి బండి నడిపిస్తుంది.

7. సర్వర్ సెట్టింగులు

టామ్‌క్యాట్ కాన్ఫ్ ఫోల్డర్‌లోని వెబ్.ఎక్స్ఎంఎల్‌లో జాస్పర్ సర్వ్‌లెట్‌కు డెవలప్‌మెంట్ అనే విలువ డిఫాల్ట్‌గా ట్రూ. అలా ఉంటే జేఎస్పీ మారిందా అని టామ్‌క్యాట్ పదే పదే చూస్తుంది, డిఫాల్ట్ ఎడం 4 సెకన్లు. ప్రొడక్షన్‌లో ఫాల్స్ చేయండి.

ట్రిమ్‌స్పేసెస్ లాంటి విలువలు ఆ ఫైల్‌లో మార్చుకుని ఉంటే, జేఎస్పీసీ వాటిని చూడదు. యాంట్‌లో జాస్పర్ టాస్క్‌కు విడిగా ఇవ్వాలి. మిగతావాటి జోలికి పోనక్కర్లేదు.

8. డిప్లాయ్ చేసే వరుస

1. పాత వార్‌ను తేదీ పేరుతో పక్కన దాచండి.
2. టామ్‌క్యాట్ ఆపండి.
3. పాత యాప్ ఫోల్డర్ తీసేయండి.
4. వర్క్ ఫోల్డర్‌లో కాటలీనా, లోకల్‌హోస్ట్ కింద మీ యాప్ పేరుతో ఉన్న ఫోల్డర్ తీసేయండి. తర్వాతి రుజువు కోసం ఇది ముఖ్యం.
5. కొత్త వార్ పెట్టి టామ్‌క్యాట్ లేపండి.
6. లాగ్ చదవండి. ఎర్రర్ వెతకడం కాదు, మొత్తం చదవండి.
7. అన్ని మెనూలూ నొక్కండి, ప్రింట్ పేజీలతో సహా.

ఇప్పుడు రుజువు. మళ్లీ ఆ వర్క్ ఫోల్డర్ తెరవండి. మీరు తిరిగిన పేజీల పేర్లతో జావా ఫైళ్లు, క్లాసులు అక్కడ లేకపోతే ప్రీకంపైల్ పని చేసినట్టే. ఒకటో రెండో కనిపిస్తే ఆ పేజీలకు మ్యాపింగ్ పడలేదన్నమాట. వేగంగా తెరుచుకుందని సంబరపడి వదిలేయొద్దు, చిన్న పేజీ ఎలాగూ వేగంగానే తెరుచుకుంటుంది. ఫోల్డర్ చూస్తేనే నిజం తెలుస్తుంది.

సమయం కూడా చూసుకోండి. మా తక్‌పట్టీ యాప్‌కు యార్డు సెలవు రోజే డిప్లాయ్. కాలేజీ ఫీజుల యాప్‌కు చివరి తేదీ అయిపోయిన మర్నాడు.

9. వచ్చే ఎర్రర్లు, వాటి మందు

యూఆర్ఐ దొరకలేదు అంటే: ట్యాగ్ లైబ్రరీ జార్ లిబ్‌లో లేదు. జేఎస్టీఎల్ అనే ట్యాగ్ లైబ్రరీ టామ్‌క్యాట్‌తోనే వస్తుందని చాలామంది అనుకుంటారు. టామ్‌క్యాట్ లిబ్‌లో అది ఉండదు. మేవెన్‌లో స్కోప్ ప్రొవైడెడ్ అని పెట్టి ఉంటే తీసేయండి. మా పరేషాన్‌కు కారణం సరిగ్గా ఇదే.

65535 బైట్ల హద్దు దాటింది, లేదా కోడ్ మరీ పెద్దది అంటే: జావాలో ఒక మెథడ్‌కు 64 కేబీ హద్దు ఉంది. పేజీ మొత్తం ఒకే మెథడ్‌లోకి పోతుంది, డైరెక్టివ్‌తో కలిసిన ముక్కలు కూడా. పెద్ద ముక్కలను జేఎస్పీ:ఇన్‌క్లూడ్‌లోకి మార్చండి, అప్పుడు దేని సర్వ్‌లెట్ దానిది. జాస్పర్ టాస్క్‌లో మ్యాప్డ్‌ఫైల్ ట్రూ అని పెట్టి ఉంటే తీసేయండి, మెథడ్ కొంత తగ్గుతుంది.

వేరియబుల్ రెండుసార్లు ప్రకటించారు అంటే: ఒకే ముక్క డైరెక్టివ్‌తో రెండుసార్లు కలిసింది. సాధారణంగా హెడర్‌లో ఒకసారి, హెడర్ పిలిచే మెనూలో ఇంకోసారి.

ఒకే అడ్రస్‌కు రెండు సర్వ్‌లెట్‌లు ఉన్నాయి అని యాప్ లేవకపోతే: మ్యాపింగ్‌లు రెండుసార్లు చేరాయి, లేదా ఆ పేజీకి మీరు ముందే చేత్తో జేఎస్పీ-ఫైల్ మ్యాపింగ్ రాసి ఉన్నారు. చేత్తో రాసింది తీసేయండి. ఎవరో కలిపిన వెబ్.ఎక్స్ఎంఎల్‌ను గిట్‌లోకి పంపేశారేమో కూడా చూడండి. ఒకసారి మా దగ్గర జరిగింది.

జావాఎక్స్ సర్వ్‌లెట్ క్లాసు దొరకలేదు అంటే: 9తో తయారు చేసింది 10 మీద పెట్టారు. సరైన టామ్‌క్యాట్‌తో మళ్లీ కంపైల్ చేయడం తప్ప దారి లేదు.

సర్వర్ మీద జేఎస్పీ మార్చాం, పేజీ మారలేదు: ప్రీకంపైల్ పెట్టిన మొదటి నెలలో ఈ ఫోన్ తప్పకుండా వస్తుంది. గుమస్తా కొడుకో, అక్కడి సిస్టమ్ కుర్రాడో "హమాలీ రేటు లేబుల్ మార్చా సార్, కనిపిస్తలేదు" అంటాడు. మ్యాపింగ్ క్లాసుకు పోతోంది కాబట్టి జేఎస్పీ ఫైల్‌ను ఇక ఎవరూ చూడరు. టామ్‌క్యాట్ ఎన్నిసార్లు ఆపి లేపినా అంతే.

నిజంగా అత్యవసరమైతే ఇలా చేయండి. సర్వర్ మీద విప్పి ఉన్న యాప్‌లోని వెబ్.ఎక్స్ఎంఎల్ తెరిచి, ఆ ఒక్క పేజీ సర్వ్‌లెట్-మ్యాపింగ్ తీసేసి సేవ్ చేయండి. యాప్ రీలోడ్ కాగానే ఆ పేజీ పాత దారిలో జాస్పర్‌కు పోతుంది, మార్చిన జేఎస్పీ కంపైల్ అయి కనిపిస్తుంది. మిగతా పేజీలు క్లాసులతోనే నడుస్తాయి. అదే మార్పు ఆ రోజే సోర్స్‌లో కూడా చేయండి. లేకపోతే వచ్చే వార్‌తో పాత లేబుల్ మళ్లీ వచ్చి కూర్చుంటుంది, అదే కుర్రాడు మళ్లీ ఫోన్ చేస్తాడు.